తాళం చెవి ఎవరి దగ్గరుంది?

మొన్న జూన్‌లో మా అక్క బిడ్డను హన్మకొండ హాస్టల్లో దింపడానికి బయలుదేరాం. కారులో నేను, అక్క. వెనుక సీటు నిండా పరుపు, బకెట్, స్టీలు సామాన్లు. డిక్కీలో కొత్త ట్రంకు పెట్టె, దానికి ఇత్తడి తాళం. కారులో చోటు లేక పిల్ల వాళ్ల నాన్నతో బండి మీద వెనకాల వస్తోంది. వరంగల్ ఇంకా పది కిలోమీటర్లుందనగా రోడ్డుకు అడ్డంగా బారికేడ్లు. లైసెన్సు చూశారు, ఆర్సీ చూశారు, డిక్కీ తీయమన్నారు. తీశాను.

“పెట్టెల ఏమున్నయ్?”

“పిల్ల హాస్టల్ సామాన్ సార్. బట్టలు, పుస్తకాలు.”

“తాళం తియ్యి.”

“చెవి మా బావ దగ్గరున్నది సార్. వెనుక బండి మీద వస్తుండు.”

కానిస్టేబుల్ ఒకాయన రోడ్డు పక్కనున్న రాయి అందుకున్నాడు. “కొత్త పెట్టె సార్, నిన్ననే కొన్నం” అని అక్క కారు దిగింది. ఎస్‌ఐ ఆయన్ని ఆగమని చేత్తో సైగ చేశారు. పావుగంట నిలబడ్డాం. బావ బండి వచ్చింది. తీరా చూస్తే చెవి బావ దగ్గరా లేదు, పిల్ల మెడలో నల్లదారానికి ఉంది. తనే వచ్చి తాళం తీసింది. మడత పెట్టిన దుప్పటి, నోట్‌బుక్కులు, కొబ్బరినూనె సీసా, మామిడికాయ తొక్కు డబ్బా. ఎస్‌ఐ వంగి చూశారు, ఒరిగిపోయిన తొక్కు డబ్బాను నిలబెట్టారు, పెట్టె మూత తనే వేశారు. “మంచిగ చదువుకో బిడ్డా” అన్నారు.

ఎవరికీ నష్టం జరగలేదు. కానీ ఆ రాయి నా కళ్లలో నుంచి పోలేదు. అది తాళం మీద పడి ఉంటే చట్టం ఏమనేది? తెలిసినవాళ్లను అడిగితే సగం మంది “పోలీసోళ్లు ఏదైనా తెరవచ్చు” అన్నారు, సగం మంది “వారెంట్ లేకుండా ముట్టుకోవద్దు” అన్నారు. చట్టాలు ముందేసుకుని చదివితే రెండూ తప్పే అని తేలింది.

మన మాటల్లోనే ఒక తేడా ఉంది, దాన్ని పట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది. తనిఖీ వేరు, సోదా వేరు. రోడ్డు మీద బండి ఆపి కాగితాలు చూడటం తనిఖీ. 1988 మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే డ్రైవర్ లైసెన్సు చూపించాల్సిందే. డిజిలాకర్‌లో ఉన్నదైనా చెల్లుతుంది, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వది ఎలక్ట్రానిక్ రూపంలో చూపించడాన్ని ఒప్పుకుంటుంది. అదే చట్టం 203 కింద తాగి నడుపుతున్నారని అనుమానం వస్తే ఊదమంటారు, 207 కింద రిజిస్ట్రేషన్ లేని బండిని పట్టి ఉంచుతారు. ఇవన్నీ బండికీ, నడిపేవాడికీ సంబంధించినవి. బండిలో ఉన్న పెట్టె తాళం తీయించే అధికారం మాత్రం ట్రాఫిక్ తనిఖీ నుంచి పుట్టదు. పెట్టె దగ్గరికి వచ్చేసరికి అది సోదా అవుతుంది, సోదాకు వేరే చట్టం కావాలి.

ఆ వేరే చట్టాల్లో మొదటిది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అందరూ బీఎన్‌ఎస్‌ఎస్ అంటున్నది. పోలీసు దర్యాప్తు, అరెస్టు, సోదాల పద్ధతి చెప్పే పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఇందులో 185వ సెక్షన్ వారెంట్ లేని సోదాకు ఆధారం. చదివితే అందులో ఒక్కొక్క మాటా ఒక షరతే. సోదా చేసేది స్టేషన్ అధికారి అయినా కావాలి, దర్యాప్తు అధికారి అయినా కావాలి. ఒక నేరం మీద దర్యాప్తు నడుస్తూ ఉండాలి. దానికి కావలసిన వస్తువు ఫలానా చోట ఉందని నమ్మడానికి తగిన కారణం ఉండాలి. వారెంట్ తెచ్చుకునేలోపు అది చేజారిపోతుందనిపించాలి. ఆ కారణాలు ముందే కేసు డైరీలో రాయాలి. సోదాను వీడియో తీయాలి, మొబైల్‌తో తీసినా సరే. రాసిన కాగితాల నకళ్లు 48 గంటలు దాటకుండా మేజిస్ట్రేటుకు వెళ్లాలి. సోదా జరిగిన స్థలం హక్కుదారు దరఖాస్తు పెట్టుకుంటే మేజిస్ట్రేటు ఆ నకలు ఉచితంగా ఇప్పించాలి.

‘స్థలం’ అంటే ఇల్లే కదా, కారుకేం సంబంధం అనిపిస్తుంది. చట్టం ఆ మాటకు ఇచ్చిన అర్థంలో ఇల్లు, భవనం, గుడారంతో పాటు వాహనం కూడా ఉంది. కాబట్టి కారు సోదాకూ ఈ నియమాలే. కారును సక్రమంగా సోదా చేస్తున్నప్పుడు అందులోని పెట్టె మాత్రం మినహాయింపు అని ఎక్కడా లేదు. వెతికే వస్తువు పెట్టెలో పట్టేదైతే పెట్టె కూడా సోదాలో భాగమే. గుట్ట దగ్గర పశువుల లారీ పోయిందన్న కేసులో దర్యాప్తు చేస్తూ నా బ్యాగు తాళం తీయమంటే అందులో అర్థం లేదు. నగల దొంగతనం కేసులో ఫలానా రంగు కారు, ఫలానా నంబరు అని సమాచారం ఉండి ఆపితే, ఆ కారులోని పెట్టె తీయమనడంలో అర్థం ఉంది.

ఇక్కడే రోజువారీ తనిఖీకీ, 185కూ పొసగదు. వచ్చిపోయే ప్రతి కారునూ ఆపి డిక్కీ తీయించేటప్పుడు దర్యాప్తులో ఉన్న నేరం ఏదీ ఉండదు, కేసు డైరీలో రాసిన కారణమూ ఉండదు. నేర నివారణ కోసం పోలీసులకు 168వ సెక్షన్ అధికారం ఇస్తుంది. నేరంతో ముడిపడిందని అనుమానం పుట్టించే వస్తువు కంటబడితే స్వాధీనం చేసుకోవడానికి 106 ఉంది. కానీ కంటబడటం అంటే కంటబడటమే. తాళం వేసిన పెట్టెలో ఉన్నది ఎవరి కంటా పడదు. అందుకే రోడ్డు మీద జరిగేదాంట్లో ఎక్కువ భాగం మన ఒప్పుదలతో నడుస్తుంది. “తియ్యి” అంటారు, మనం తీస్తాం. తీయకపోతే పొద్దుపోతుందని, స్టేషన్‌కు రమ్మంటారని మన టెన్షన్ మనది. ఆ ఒప్పుదలను ఎవరూ కాగితం మీద రాసుకోరు.

ఇదంతా సాధారణ చట్టం సంగతి. మన దగ్గర రాత్రి తనిఖీలు జరిగేది చాలావరకు గంజాయి కోసం. ఆంధ్రా-ఒడిశా సరిహద్దులోని సీలేరు, మల్కన్‌గిరి వైపు నుంచి బయలుదేరిన సరుకు భద్రాచలం దాటి, మహబూబాబాద్, నర్సంపేట, వరంగల్ మీదుగా హైదరాబాద్‌కూ మహారాష్ట్రకూ పోతుందన్నది ఈ ప్రాంతంలో పేపర్ చదివే ప్రతివారికీ తెలుసు. సీట్ల కింద, డోర్ల లోపల, బోలెరో బాడీకి కట్టిన అరల్లో దొరికిన వార్తలు చదువుతూనే ఉంటాం. దానికి 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తు పదార్థాల చట్టం ఉంది. దాని చేయి చాలా పొడుగు.

ఆ చట్టం 49వ సెక్షన్ ప్రకారం, వాహనంలో మత్తు పదార్థం రవాణా అవుతోందని అనుమానించడానికి కారణం ఉంటే అధికారం పొందిన అధికారి దాన్ని ఆపి మొత్తం గాలించవచ్చు, అందులోని ఏ సామానునైనా పరిశీలించవచ్చు. 42 ప్రకారం అడ్డుకుంటే తలుపు పగలగొట్టవచ్చు. అయితే ఈ అధికారం కానిస్టేబుల్‌కు లేదు, అంతకంటే పై ర్యాంకు కావాలి. ముందుగా సమాచారం అందితే దాన్ని కాగితం మీద పెట్టాలి, 72 గంటల్లో పై అధికారికి నకలు పంపాలి. పొద్దుగుంకిన తర్వాత, తెల్లవారకముందు అయితే వారెంట్ కోసం ఆగితే సరుకు మాయమవుతుందని ఎందుకు నమ్మారో కూడా రాయాలి. శిక్షలు ఎంత కఠినమో ఈ రాతకోతలు అంత ముఖ్యం. గంజాయి 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం, కనీస శిక్షే పదేళ్లు.

ఈ రాతకోతలు ఉత్త లాంఛనమని ఎవరైనా అనుకుంటే 2021 నాటి బూటా సింగ్ కేసు చూడాలి. హర్యానాలో రోడ్డు మీద ఆగి ఉన్న ఒక జీపులో గసగసాల గడ్డి సంచులు పట్టుబడ్డాయి. బహిరంగ ప్రదేశంలో పట్టుకున్నాం కాబట్టి 43వ సెక్షన్ చాలు, 42 కింద రాయాల్సినవి అక్కర్లేదు అన్నది పోలీసుల వాదన. బస్సులాంటి ప్రజా వాహనం వేరు, సొంత జీపు వేరు అని సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్డు మీద ఉన్నంత మాత్రాన సొంత వాహనం బహిరంగ ప్రదేశం అయిపోదని, 42 పాటించలేదని శిక్ష కొట్టేసింది. సరుకు దొరికింది, కేసు నిలవలేదు. గంజాయి ముఠాలు ఊళ్లను పాడు చేస్తున్నాయని కోపం ఉన్న ప్రతివారూ ఈ తీర్పును పోలీసుల వైపు నుంచి కూడా చదవాలి. ఆ రాత్రి రెండు వాక్యాలు రాసి ఉంటే ఫలితం వేరుగా ఉండేదేమో. మామూలు తనిఖీలో అనుకోకుండా సరుకు బయటపడితే మాత్రం ముందస్తు రాతలు లేవన్న కారణంతో కేసు పోదని 1994లో బల్బీర్ సింగ్ కేసులో అదే కోర్టు అంది.

ఇదే చట్టంలో 50వ సెక్షన్ గురించి చాలామంది సగమే విని ఉంటారు. ‘గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ముందే నన్ను సోదా చేయండి’ అని అడిగే హక్కు అది. ఆ హక్కు ఒంటి సోదాకే, చేతిలో ఉన్న బ్యాగుకు కాదు. 2005లో పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది, 2023లో రంజన్ కుమార్ చద్దా కేసులో మళ్లీ గట్టిగా చెప్పింది. బ్యాగు శరీరంలో భాగం కాదు. కాబట్టి తాళం వేసిన సూట్‌కేసు ముందు నిలబడి 50వ సెక్షన్ చదివితే లాభం లేదు.

ఆయుధాల చట్టం ఇంకా సూటిగా ఉంటుంది. 1959 నాటి ఆ చట్టం 23వ సెక్షన్ కింద ఆయుధాల ఉల్లంఘన జరుగుతోందా, జరగబోతోందా అని తెలుసుకోవడానికే ఏ పోలీసు అధికారైనా వాహనాన్ని ఆపి సోదా చేయవచ్చు. అయితే ఆ సోదా కూడా సాధారణ చట్టం చెప్పిన పద్ధతిలోనే జరగాలని అదే చట్టంలో 37 ఉంది.

మరి తాళం మాటేమిటి? చట్టసభలు తాళం పగలగొట్టే అధికారం ఇవ్వాలనుకున్న చోట ఆ మాట విప్పి రాశాయి. 1962 కస్టమ్స్ చట్టం 106వ సెక్షన్‌లో, చెవులు ఇవ్వకపోతే తలుపు తాళమైనా ప్యాకేజీ తాళమైనా పగలగొట్టవచ్చని ఉంది. 2017 జీఎస్టీ చట్టం 67లో బీరువా, పెట్టె అని పేర్లు పెట్టి మరీ రాశారు, తెరవడానికి నిరాకరిస్తేనే అని కూడా రాశారు. రెండింటిలోనూ వరుస ఒక్కటే. ముందు అడగాలి, ఇవ్వకపోతేనే పగలగొట్టాలి. బీఎన్‌ఎస్‌ఎస్‌లో మూసి ఉన్న స్థలం గురించిన 103వ సెక్షన్ కూడా ముందు అడగమంటుంది, దారి ఇవ్వకపోతేనే బలవంతంగా లోపలికి పొమ్మంటుంది. పెట్టె తాళం గురించి విడిగా ఏమీ చెప్పదు. నాకు అర్థమైనంతలో, తెరుస్తామని మనిషి చెప్తుంటే, చెవి పావుగంటలో వస్తుందంటే, రాయి ఎత్తడానికి ఈ చట్టాల్లో దేనిలోనూ చోటు లేదు. మా దగ్గర ఆ ఎస్‌ఐ ఆగమనడం మంచితనమే కాదు, చట్టం నడవమన్న దారి కూడా అదే.

బిడ్డలు అమెరికాలో ఉన్న ఇళ్లు మన జిల్లాల్లో తక్కువేం కాదు. అక్కడి వీడియోలు చూసి “నేను ఒప్పుకోను అంటే చాలు, ఆ తర్వాత ఏం దొరికినా కోర్టులో చెల్లదు” అనేవాళ్లు ఎక్కువయ్యారు. అక్కడ కూడా సంగతి అంత సులువు కాదు. 1977లో రెండు తాళాలు వేసిన ఒక ట్రంకు పెట్టె కేసులోనే అక్కడి సుప్రీంకోర్టు వారెంట్ కావాల్సిందే అంది. 1991కి వచ్చేసరికి, కారులో ఉన్న సంచిని తగిన కారణం ఉంటే వారెంట్ లేకుండానే తెరవచ్చని చెప్పింది. మన దగ్గర పునాదే వేరు. అకారణ సోదాల నుంచి కాపాడే అమెరికా నాలుగో సవరణ లాంటిది మన రాజ్యాంగంలో పెట్టలేదని 1954లో ఎం.పి.శర్మ కేసులో ఎనిమిది మంది జడ్జీల ధర్మాసనం అంది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పి చాలా దూరం తీసుకొచ్చారు. అయినా 1973 నాటి పూరన్ మల్ తీర్పు ఇంకా మన నెత్తిన ఉంది. సోదాలో లోపం ఉన్నంత మాత్రాన దొరికిన సాక్ష్యం దానంతటదే చెల్లకుండా పోదు. నన్నడిగితే మన దగ్గర సామాన్యుడికి అసలు లోటు ఇదే. తప్పుగా తెరిచినా తెరిచినవాళ్లకు పోయేది తక్కువ. అక్రమ వేధింపు సోదాకు ఎన్‌డీపీఎస్ చట్టం 58 కింద ఆరు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ రాసి ఉన్నాయి కానీ, ఆ గడప తొక్కేంత ఓపిక ఎవరికుంటుంది?

ఎన్నికలొస్తే ఈ కథ ఇంకో మలుపు తిరుగుతుంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు అమ్ముకున్న రైతు చేతిలో లక్షో రెండు లక్షలో ఉంటుంది. కోడ్ అమల్లో ఉంటే 50,000 దాటితే పట్టుకుంటారన్న మాట ఊరూరా తిరుగుతుంది. ఎన్నికల సంఘం మార్గదర్శకాల్లో ఆ పరిమితి రాసింది అభ్యర్థి, ఏజెంటు లేదా పార్టీ కార్యకర్త ఉన్న వాహనం గురించి. 10 లక్షలు దాటి ఉండి నేరం మీద, పార్టీ మీద అనుమానం లేకపోతే డబ్బు పట్టుకోకుండా ఆదాయపు పన్ను శాఖకు చెప్పాలని కూడా అందులోనే ఉంది. సోదా అంతా వీడియో తీయాలి. మహిళా అధికారి లేకుండా ఆడవాళ్ల పర్సు తెరవకూడదు. పట్టుకున్న డబ్బును పరిశీలించి విడిపించడానికి జిల్లాలో ముగ్గురు అధికారుల కమిటీ ఉంటుంది, ఎక్కడ మొరపెట్టుకోవాలో స్వాధీనం చేసుకున్న కాగితం మీదే రాసివ్వాలి. రైతు దగ్గర తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మిన లెక్క చీటీ ఉంటే సగం గొడవ అక్కడే తెగుతుంది. చాలామంది దాన్ని అడ్తి దుకాణంలోనే వదిలేసి వస్తారు. ఆ సీజన్‌లో తక్‌పట్టీని డబ్బుతో పాటే జేబులో పెట్టుకోవాలి.

ఫోన్ కూడా తాళం వేసిన పెట్టె లాంటిదే, నిజానికి అంతకంటే పెద్దది. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో కుర్రాళ్లను ఆపి ఫోన్లలో ‘గంజాయి’ అన్న మాట కోసం వెతికిన వీడియోలు దేశమంతా తిరిగాయి. రోడ్డు తనిఖీలో ఫోన్ లాక్ తీసి ఇమ్మనడానికి మోటారు వాహనాల చట్టంలో ఒక్క అక్షరం లేదు. ఫోన్‌లో కాగితాలు చూపించేటప్పుడు కూడా నేను ఫోన్ నా చేతిలోనే పట్టుకుని చూపిస్తాను.

రోడ్డు మీద అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, “సార్, ఏ కేసులో, ఏ చట్టం కింద చూస్తున్నారు?” మెల్లగా, మర్యాదగా అడగాలి. జవాబు వస్తే మనకూ తెలుస్తుంది, అడిగారన్నది వాళ్ల వీడియోలోనూ ఉంటుంది. చేయి అడ్డం పెట్టడం, తోయడం మాత్రం వద్దు. విధులకు ఆటంకం అంటే భారతీయ న్యాయ సంహిత 221 కింద మూడు నెలల వరకు, బలప్రయోగం అంటే 132 కింద రెండేళ్ల వరకు జైలు ఉంది. చెవి ఉంటే మన చేతులతోనే తీయడం మేలు. మన సామాను మనమే బయట పెట్టాలి.

ఏదైనా స్వాధీనం చేసుకుంటే పంచనామా ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు పంచులు (సాక్షులు), వస్తువుల జాబితా, సంతకాలు, మనకో నకలు. 103, 105 సెక్షన్లు ఇవన్నీ అడుగుతున్నాయి, జాబితా రాయడం నుంచి సంతకాల దాకా వీడియోలో ఉండాలంటున్నాయి. ఆ కాగితంలో చాలామంది చూడని ఒక వాక్యం ఉంటుంది, తాళం ఎలా తెరిచారన్నది. 1962లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రాధాకిషన్ కేసు అంతా దాని మీదే తిరిగింది. ఉత్తరప్రదేశ్‌లో ఒక పోస్ట్‌మ్యాన్ ఇంట్లోని బీరువాలో పంచని ఉత్తరాలు దొరికాయి. సోదా అక్రమమే అనుకున్నా స్వాధీనం చెల్లుతుందని కోర్టు అంది. సోదా పద్ధతి తప్పితే దాన్ని ప్రతిఘటించవచ్చని, అలాంటి సాక్ష్యాన్ని కోర్టు మరింత జాగ్రత్తగా చూడవచ్చని కూడా అంది. చివరికి అతన్ని కాపాడింది మాత్రం చెవి. ఆ బీరువా చెవి ఇచ్చింది తండ్రి. కొడుకు ఒక్కడి స్వాధీనంలోనే ఉందని చెప్పలేమని శిక్ష రద్దు చేసింది.

అందుకే సంతకం పెట్టేముందు ఆ వాక్యం దగ్గర ఆగి చదవాలి. పెట్టెకు తాళం ఉందని రాశారా, చెవి ఎవరిచ్చారని రాశారా, పగలగొట్టి ఉంటే పగలగొట్టామని రాశారా. మా పెట్టె సంగతే పంచనామాకు ఎక్కి ఉంటే అందులో ఉండాల్సిన వాక్యం ఇది: తాళం చెవి పన్నెండేళ్ల పిల్ల మెడలోని నల్లదారానికి ఉంది, తనే తీసింది.